బొగ్గుబాయి చీకటిని బ్రిటన్‌లో ఎవరైనా గీశారా?

బల్లార్‌పూర్ అమ్మాయి:
నేను చంద్రపూర్‌లో ఏటీడీ (ఆర్ట్ టీచర్ డిప్లొమా) చదువుతున్నా. నాన్న బొగ్గుబాయిలో చేసి రిటైరయ్యారు. ఆయన బాయిలో పనిచేస్తున్నట్టు బొమ్మ వేద్దామంటే కుదరడం లేదు. నలుపు నింపితే మనిషి కనపడడు, వెలుతురు పెంచితే అది బాయిలా ఉండదు. బ్రిటిష్ ఆధునిక కళ గురించి చదివితే అంతా పారిస్ నుంచి వచ్చిందనే ఉంది. అంత బొగ్గు తవ్విన దేశంలో బాయిని గీసినవాళ్లే లేరా?

రాజురా డ్రాయింగ్ సార్:
ఉన్నారమ్మా. హెన్రీ మూర్ బొమ్మలు చూడు. శిల్పిగా పేరు రావడంతో ఆయన డ్రాయింగులను మనవాళ్లు పట్టించుకోరు, నాకది బాధ. 1898లో ఇంగ్లండ్‌లోని కాసిల్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి వీల్‌డేల్ గని కార్మికుడు, కొడుకులు మాత్రం బాయి దిగకూడదని పట్టుబట్టినవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు భయపడి లండన్ భూగర్భ రైల్వే స్టేషన్లలో పడుకున్న జనాన్ని గీశాక, మూర్ ఆ వీల్‌డేల్ బాయిలోకే దిగి కార్మికులను గీశాడు.

నీ చిక్కుకు జవాబు ఆయన పద్ధతిలో ఉంది. వెలుతురు పడే భుజం, మోచెయ్యి, బొగ్గు అంచు ముందుగా లేతరంగు మైనపు క్రేయాన్‌తో గీస్తాడు. పైన ముదురు వాటర్ కలర్ పూస్తే మైనం మీద నిలవదు, మిగతా కాగితమంతా చీకటవుతుంది. తర్వాత ఇంకు గీతలు.

పారిస్ మాట నిజమే. 1910లో రోజర్ ఫ్రై అనే కళా విమర్శకుడు ఫ్రాన్స్‌లో పనిచేసిన సెజాన్, వాన్ గో చిత్రాలను లండన్‌లో ప్రదర్శనకు పెడితే పెద్ద గొడవే అయింది. కానీ మూర్ బ్రిటిష్ మ్యూజియంలో మెక్సికో రాతి శిల్పాలు చూసి కూడా నేర్చుకున్నాడు.

చంద్రపూర్ రిటైర్డ్ ఓవర్‌మ్యాన్ (బాయిలో పని చూసే సూపర్‌వైజర్):
బిడ్డా, బాయిలో వెలుతురు తల ఎటు తిరిగితే అటే. ఎదుటివాడి కళ్లలో కొట్టకుండా క్యాప్ ల్యాంప్ పక్కకు తిప్పి మాట్లాడతాం. అందుకే మొహం సగమే కనపడుతుంది. చెమట కారిన చోట దుమ్ము చారలు పడి చర్మం మెరుస్తుంది. నాన్నను ఆ చారలతో గీయి.

సిరొంచ అన్న:
నాకు మూర్ కార్మికులు విగ్రహాల్లా అనిపిస్తారు చెల్లీ. ఆషింగ్టన్ గ్రూప్ కూడా చూడు. 1934లో ఉత్తర ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్ గని కార్మికులు రాబర్ట్ లయన్ అనే మాస్టారి దగ్గర సాయంత్రం క్లాసులో చేరి, తమ పనిని తామే గీసుకున్నారు. మూర్ చూడటానికి దిగాడు, వీళ్లు కూలికి దిగారు. ఆ తేడా బొమ్మలో తెలుస్తుంది.

బల్లార్‌పూర్ అమ్మాయి:
సార్, స్కూలు పిల్లల క్రేయాన్లు సరిపోతాయా?

రాజురా డ్రాయింగ్ సార్:
సరిపోతాయి, గట్టిగా రుద్దు. తెల్లటి కొవ్వొత్తి ముక్కైనా చాలు. కాగితం మాత్రం మందంగా ఉండాలి, పల్చనిదైతే నీళ్లకు ముడుచుకుపోతుంది.