అప్‌డేట్: బీజీపీ సెషన్ తెగకుండానే కొత్త రూట్‌మ్యాప్ ఎక్కింది

కోర్ స్విచ్‌లో బీజీపీ (నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి రూట్లు చెప్పుకునే ప్రోటోకాల్)లో ఐఎస్‌పీ వైపు నైబర్‌కి (అటువైపు రూటర్‌కి) ఇన్‌బౌండ్ రూట్‌మ్యాప్ (వచ్చే రూట్లకి పెట్టే రూల్స్) మార్చినా లోకల్ ప్రిఫరెన్స్ (ఏ రూట్‌కి ఎక్కువ ప్రాధాన్యమో చెప్పే అంకె) పాతదే చూపిస్తోంది, పట్టపగలు సెషన్ రీసెట్ చెయ్యొచ్చా అని అడిగాను కదా. పనైపోయింది. సాఫ్ట్ రీసెట్ (సెషన్ తెంపకుండా కొత్త రూల్స్ ఎక్కించడం) చాలన్నవాళ్లకి థాంక్స్.

ముందు 'షో ఐపీ బీజీపీ నైబర్స్' కొట్టి, రూట్ రిఫ్రెష్ (రూట్లు మళ్లీ పంపమని అడిగే సౌకర్యం) ఎదురుగా 'అడ్వర్టైజ్డ్ అండ్ రిసీవ్డ్' అని ఉందో లేదో చూశాను. ఉంది. ఇక 'క్లియర్ ఐపీ బీజీపీ', నైబర్ అడ్రస్, చివర 'సాఫ్ట్ ఇన్'. అంతే. అటువైపు రూటర్ తన రూట్లన్నీ మళ్లీ పంపింది, లోకల్ ప్రిఫరెన్స్ 100 నుంచి 200కి మారింది. సమ్మరీలో అప్‌టైమ్ సున్నాకి పడలేదు, అంటే 179 పోర్టు మీది టీసీపీ కనెక్షన్ కదల్లేదన్నమాట.

ఒకరు అడ్రస్ బదులు స్టార్ (అంటే నైబర్లన్నీ) పెట్టి క్లియర్ చేసెయ్యమన్నారు. పగలు ఆ పని మాత్రం చెయ్యకండి బాబూ! 'సాఫ్ట్' లేకుండా కొడితే నైబర్లన్నీ ఒక్కసారే పడిపోతాయి. ఫుల్ టేబుల్ (ఇంటర్నెట్ రూట్లన్నీ) తీసుకునేవాళ్లు కోలుకోవడానికి బాగానే టైం పడుతుంది.

రూట్ రిఫ్రెష్ లేని పాత పరికరం సంగతి అడిగినవారికి: 'సాఫ్ట్ రీకాన్ఫిగరేషన్ ఇన్‌బౌండ్' ముందే పెట్టుకుని ఉండాలి, వచ్చిన రూట్ల కాపీ దాచుకుంటుంది కాబట్టి మెమరీ తింటుంది. కొత్త అడ్రస్ ఫ్యామిలీ (ఐపీవీ6 లాంటి అడ్రస్ రకం) కలిపితే సెషన్ తెగాల్సిందే, ఎవరికి ఏది వచ్చో చెప్పుకునేది సెషన్ మొదట్లో పంపుకునే ఓపెన్ మెసేజ్‌లోనే కాబట్టి. మాకు ఐపీవీ6 పని ఇంకా మిగిలే ఉంది. దానికి రాత్రి విండో (సెషన్ తెంపి పని చేసుకునే టైం) అడిగాను, మేనేజర్ గారు ఇంకా మెయిల్ చూడలేదు.