పదకొండు దాటితే పొక్లెయిన్ బూమ్ (పెద్ద చేయి) లేవడం లేదు, ఎవరైనా చెప్పండి

చీమకుర్తి క్వారీ: నిన్న పొద్దున్నుంచి దీని దగ్గరే ఉన్నాను, తల పగిలిపోతోంది. 20 టన్నుల చైన్ మిషన్. పొద్దున బాగానే లేస్తుంది, పదకొండు దాటాక బూమ్ మెల్లగా అయిపోతుంది, రెండింటికి బకెట్ నింపితే అసలు పైకి రాదు. ఇంజిన్ బాగానే ఉంది. మెకానిక్ పంప్ పోయింది, విప్పాలి అంటున్నాడు. అంత ఖర్చు ఇప్పుడు నా వల్ల కాదు.

హైడ్రాలిక్ మెకానిక్: మీటర్ ఎన్ని గంటలు? బూమ్‌ను లేపే హైడ్రాలిక్ ఆయిల్ ఎప్పుడు మార్చారు?

మూడు మిషన్ల ఓనర్: తమ్ముడూ, ముందు గ్రీజు చూసుకో. పది గంటలకోసారి కీళ్ల దగ్గర పిన్నులకు కొట్టాలి, ఆపరేటర్ మారితే ఎవరూ పట్టించుకోరు, బుష్‌లు అరిగి బకెట్ ఊగేదాకా మనకు తెలియదు. బకెట్ నేలకు ఆనించి, పాత నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్తది కనబడేదాకా కొట్టించు. నేను రోజూ పొద్దున దగ్గరుండి చూస్తాను. సాయంత్రం డీజిల్ ట్యాంక్ కూడా నింపి పెట్టు, ఖాళీగా ఉంటే రాత్రి చల్లదనానికి లోపల నీరు చేరుతుంది.

హైడ్రాలిక్ మెకానిక్: వేడెక్కాక లేవకపోవడానికి, గ్రీజుకు సంబంధం లేదండి. మీటర్ చెప్పమనండి.

సైట్ ఇంజనీర్: పొక్లెయిన్ అనేది ఫ్రాన్స్ కంపెనీ పేరు, మిషన్ పేరు కాదు. ఎక్స్‌కవేటర్ అనండి.

మూడు మిషన్ల ఓనర్: టైర్లుంటే జేసీబీ, చైన్లుంటే పొక్లెయిన్, ఇక్కడ అందరూ అనేది అదే. జేసీబీ మాత్రం? జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అని ఒకాయన పేరే కదా.

సైట్ ఇంజనీర్: పార్టుల షాపులో మోడల్ చెప్పకుండా పొక్లెయిన్ ఫిల్టర్ అంటే వేరేది చేతిలో పెడతారు, అందుకే అన్నాను.

చీమకుర్తి క్వారీ: మీటర్ 6,400. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, కొన్నాక ఆయిల్ మార్చలేదు, తగ్గినప్పుడల్లా పోశాం. నాలుగు నెలల నుంచి ఎక్కువగా బ్రేకర్ పెట్టి రాయే కొడుతున్నాం, బకెట్ పని వారానికి రెండు రోజులే.

హైడ్రాలిక్ మెకానిక్: బ్రేకర్ సంగతి మొదటే చెప్పాల్సిందండి. మామూలు పనికి రాసిన గంటలు బ్రేకర్‌కు సరిపోవు, ఆయిల్, అది ట్యాంకుకు తిరిగొచ్చే దారిలో ఉండే రిటర్న్ ఫిల్టర్ చాలా ముందే మార్చాలి, మాన్యువల్‌లో చూడండి. వేడికి ఆయిల్ పలచబడితే పంపులో, వాల్వుల్లో లోపలే జారిపోయి ప్రెషర్ నిలబడదు. పంప్ విప్పనివ్వకండి. మిషన్ చల్లారాక ఆయిల్ కూలర్ చూడండి, క్వారీలో రాతిపొడి రెక్కల మధ్య గట్టిపడి గాలి ఆడదు. గాలితో ఊదించండి, మరీ గట్టిగా కొడితే రెక్కలు వంగుతాయి. తర్వాత రిటర్న్ ఫిల్టర్ కోసి చూడండి, మడతల్లో పసుపు లోహపు రజను ఉంటే అప్పుడు పంప్‌ను అనుమానించాలి. మీరు పోసిన ఆయిల్ చిక్కదనం 46 నంబరా, 68 నంబరా?

చీమకుర్తి క్వారీ: డబ్బా మీద చూడలేదు. కూలర్ శుభ్రం చేయించాను, పొడి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఈరోజు మూడు దాకా లేచింది. థాంక్స్ అన్నా.

హైడ్రాలిక్ మెకానిక్: మూడు తర్వాత? ఫిల్టర్ కోశారా?