యాష్ గీతల ప్రయోగం: మా దగ్గర ఒక్కరూ గుంపు వైపు మొగ్గడం లేదు

ఎంఏ సైకాలజీ ప్రాక్టికల్ కోసం సైకాలజిస్టు సోలమన్ యాష్ 1951 నాటి గీతల ప్రయోగాన్ని చిన్నగా చేస్తున్నాం. చుట్టూ అందరూ తప్పు చెబితే మనిషి తన కళ్లను నమ్ముతాడా, గుంపుతో పోతాడా అని చూసేది ఇది. ముందే చెప్పిపెట్టిన మావాళ్లు ఆరుగురు. ఏమీ తెలియని జూనియర్ ఒకరు, చివరి నుంచి రెండో కుర్చీలో. 18 సార్లు కార్డులు చూపిస్తాం, ఒక కార్డు మీది గీతకు రెండో కార్డులోని మూడు గీతల్లో ఏది సమానమో ఒక్కొక్కరే పైకి చెప్పాలి. అందులో 12 సార్లు మావాళ్లంతా ఒకే తప్పు గీత చెబుతారు. యాష్‌కి ఆ 12లో దాదాపు మూడో వంతు జవాబులు గుంపు వైపు పోయాయి. మాకు ఐదుగురిని కూర్చోబెట్టినా సున్నా.

ఇద్దరు అయ్యాక, మావాళ్లలో నవ్వు ఆపుకోలేని ఒకణ్ని మార్చేశాం. గీతల తేడాను 5 సెంటీమీటర్ల నుంచి 2కి తగ్గించాం. జవాబుల మధ్య రెండు సెకన్లు ఆగమన్నాం. అయినా అంతే. నాలుగో అమ్మాయైతే ఏడో కార్డు దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకుని, అందరి మొహాలూ చూసి, మళ్లీ సరైన గీతే చెప్పింది. "ఇబ్బందిగానే ఉంది గానీ, కళ్లకు కనిపిస్తోంది కదక్కా" అంది బయటికొచ్చాక.

అందరూ ఒకే హాస్టల్ వాళ్లు, నా అనుమానం దాని మీదే. మా గైడ్ మాత్రం ఐదుగురు ఏ మూలకూ చాలరంటున్నారు. ఇలాంటిది చేయించినవాళ్లు చెప్పండి: ఇదే హాస్టల్ నుంచి ఇంకో పదిమందిని చూడాలా, ముందు ముఖపరిచయం లేనివాళ్లను తెచ్చుకోవాలా?