.308తో కుందేలు వేట: పౌడర్ ఎంతవరకు తగ్గించొచ్చు? (అమెరికాలో రీలోడింగ్, అంటే సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లకు)

డల్లాస్_ఓరుగల్లు:
అన్నలూ, .308 క్యాలిబర్ బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో కాటన్‌టెయిల్ కుందేళ్లకు, ఉడుతలకు పనికొచ్చే మెత్తటి లోడ్ (తక్కువ వేగంతో పోయే తూటా) కావాలి. 150 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్, పౌడర్ తూచే చిన్న కొలత) ఫ్యాక్టరీ గుండు సెకనుకు 2,800 అడుగుల వేగంతో తగిలితే కూరకు మాంసం మిగలదు. రీలోడింగ్ మాన్యువల్‌లో ఇచ్చిన పౌడర్ బరువునే సగం చేసి పోస్తే సరిపోతుందా? ప్రెస్, డైలు, తూకం అన్నీ ఉన్నాయి.

గోదారిగట్టు:
సగం చేసి పోయకండి. తక్కువ పౌడర్ అంటే తక్కువ ప్రమాదం అనుకోవడమే ఈ పనిలో మొదటి పొరపాటు. హెచ్4831 లాంటి నిదానంగా కాలే పౌడర్‌ని మాన్యువల్‌లో ఇచ్చిన స్టార్టింగ్ లోడ్ (మొదలుపెట్టాల్సిన కనీస బరువు) కంటే కిందికి దించితే ఒక్కోసారి ఒత్తిడి తగ్గకపోగా రైఫిల్ పగిలేంతగా పెరుగుతుంది. కారణం మీద ఏకాభిప్రాయం లేదు. ఎక్కువమంది చెప్పేది ఇది: ప్రైమర్ (పౌడర్‌ని అంటించే, కేసు అడుగున ఉండే టోపీ) దెబ్బకు బుల్లెట్ ముందుకు కదిలి రైఫ్లింగ్ (గొట్టం లోపలి మెలి గాళ్లు) మొదట్లో ఇరుక్కుంటుంది, సరిగ్గా అప్పుడే పౌడర్ అంతా అంటుకుంటుంది, ఇరుక్కున్న బుల్లెట్ బిరడాలా అడ్డుపడుతుంది. ప్రతిసారీ జరగదు. యాభై సార్లు బాగానే పేలింది కదా అని నమ్మకం కుదిరాక యాభై ఒకటోసారి జరగొచ్చు.

మీకు సరిపోయే దారి హెచ్4895 పౌడర్. దాన్ని అమ్మే హాడ్జ్‌డన్ వాళ్లు తమ డేటాలో ఆ క్యాలిబర్‌కు, ఆ బుల్లెట్ బరువుకు హెచ్4895 గరిష్ఠం ఎంత ఇచ్చారో చూసి దాన్ని 0.6తో గుణించండి. గరిష్ఠం 45.0 గ్రెయిన్లు అనుకుంటే 27.0 వస్తుంది. అదే కింది హద్దు, అంతకంటే దించొద్దు. అక్కడ మొదలుపెట్టి గుంపు (గుండ్లు దగ్గరదగ్గరగా పడటం) బాగా పడేదాకా అర గ్రెయిన్ చొప్పున పెంచుకుంటూ వెళ్లండి. ఆ క్యాలిబర్‌కు హెచ్4895 డేటాయే లేకపోతే ఈ లెక్క వాడకూడదు.

పేరు చూసి మోసపోవద్దు. ఐఎంఆర్ 4895 వేరే పౌడర్, ఈ 60 శాతం లెక్క దానికి చెప్పింది కాదు. డబ్బా మీద మొదట 'హెచ్' ఉందో లేదో చూసుకోండి.

ఒహాయో_పాలమూరు:
దీనిలో ఇంకో మేలు ఉంది. .308 కేసులో (పౌడర్ పోసే ఇత్తడి గొట్టంలో) 27 గ్రెయిన్ల హెచ్4895 పోస్తే సగం పైగా నిండుతుంది. పొరపాటున రెండోసారి పోస్తే పొంగి బయటికొస్తుంది, కంటికి కనిపిస్తుంది.

పిస్టల్ పౌడర్లతో ఆ రక్షణ లేదు. యూనిక్ లాంటివి కేసులో కొంత భాగమే నింపుతాయి. పొరపాటున రెండోసారి పోసినా పొంగి బయటికి రాదు. క్యాస్ట్ బుల్లెట్‌తో (అచ్చు పోసిన సీసపు బుల్లెట్) అవి బాగా పనిచేస్తాయి, దశాబ్దాలుగా జనం వాడుతున్నారు, కాదనను. కానీ ముద్రిత డేటా ఉన్న లోడ్ తప్ప సొంత లెక్క పనికిరాదు. పద్ధతి ఒకటే ఉంచండి: ఖాళీ కేసులన్నీ లోడింగ్ బ్లాక్‌లో మూతి కిందికి పెట్టి ఉంచాలి. ఒకటి తీసి, పౌడర్ పోసి, మూతి పైకి పెట్టి రెండో బ్లాక్‌లో నిలబెట్టాలి. యాభై అయ్యాక టార్చి వేసి ప్రతి కేసులోకి వరసగా చూడాలి, ఆ తర్వాతే బుల్లెట్ కూర్చోబెట్టాలి. మధ్యలో ఫోన్ మోగితే చేతిలో ఉన్న కేసు పౌడర్ డబ్బాలోకి వంచేసి మళ్లీ మొదలుపెట్టండి.

కృష్ణలంక_ఆస్టిన్:
ట్రైల్ బాస్ అనే పౌడర్ గురించి కూడా ఒక మాట. ఈ మధ్య షాపుల్లో దొరకడం కష్టం గానీ పాత డబ్బా ఉన్నవాళ్లకు పనికొస్తుంది. గింజ మధ్యలో బెజ్జం ఉండి గారెలా ఉంటుంది, అందుకే తక్కువ బరువుకే కేసంతా నిండుతుంది. కొలత ఇలా: బుల్లెట్ అడుగు కేసులో ఎక్కడిదాకా దిగుతుందో బయట గీత పెట్టుకోండి. ఆ గీత దాకా పౌడర్ పోసి తూయండి. అది గరిష్ఠం. అందులో 70 శాతం మొదటి లోడ్. బుల్లెట్‌తో పౌడర్‌ని నొక్కకూడదు. గింజలు నలిగితే వేగంగా కాలి ఒత్తిడి పెరుగుతుంది.

డల్లాస్_ఓరుగల్లు:
గోదారిగట్టు గారూ, చాలా థాంక్స్. ఖాళీగా మిగిలిన చోట దూది లాంటిది కూరితే పౌడర్ ప్రైమర్ దగ్గరే ఉంటుందని ఎక్కడో చదివాను. అవసరమా?

గోదారిగట్టు:
హెచ్4895కు అక్కర్లేదు. ఫిల్లర్ కూరడం వల్ల ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) మెడ దగ్గర ఉంగరంలా ఉబ్బిన రైఫిళ్లు ఉన్నాయి. పౌడర్ వెనక్కి చేరాలంటే కాల్చే ముందు, సురక్షితమైన దిక్కులోనే, గొట్టం కాస్త పైకెత్తి నెమ్మదిగా దించితే చాలు. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) ఉంటే ఒకసారి పైకెత్తి దించి, ఒకసారి కిందికి వంచి ఎత్తి చూడండి. రెండు వేగాలకూ తేడా ఎక్కువగా ఉంటే ఆ లోడ్ వేటకు పనికిరాదు.

ఒహాయో_పాలమూరు:
కేసుల సంగతి ఎవరూ ఎత్తలేదు. .308 లాంటి రిమ్ (అడుగున బయటికి వచ్చిన అంచు) లేని కేసుకు హెడ్‌స్పేస్ (ఛాంబర్‌లో కేసు సరిగ్గా కూర్చునే దూరం) భుజం (మెడ కింద వాలుగా ఉండే భాగం) మీద ఆధారపడుతుంది. బాగా మెత్తటి లోడ్‌లో ఫైరింగ్ పిన్ దెబ్బా, ప్రైమర్ దెబ్బా కలిసి కేసుని ముందుకు నెడతాయి, భుజం కొద్దిగా వెనక్కి నలుగుతుంది. మామూలు లోడ్ అయితే ఒత్తిడికి కేసు సాగి ఛాంబర్ నిండా సర్దుకుంటుంది. మెత్తటి లోడ్‌కి ఆ బలం ఉండదు. గుర్తు ఇదిగో: పేల్చిన కేసుని టేబుల్ మీద నిలబెడితే ఊగుతుంది, ప్రైమర్ అడుగు మట్టం కంటే పైకి పొడుచుకొచ్చి ఉంటుంది, వేలితో రాస్తే అంచు తగులుతుంది.

అలాంటి కేసులోనే రేపు ఫుల్ లోడ్ పోశారంటే వెనక భాగం సాగి అడుగు తెగిపోవచ్చు. అందుకే మెత్తటి లోడ్ కేసులు జీవితాంతం వాటికే. అడుగున గోళ్ల రంగు చుక్క పెట్టండి, డబ్బా కూడా వేరే. .30-30 అనే మరో తూటాకి రిమ్ ఉంది కాబట్టి ఈ బాధ తక్కువ.

కృష్ణలంక_ఆస్టిన్:
బుల్లెట్ విషయం. 60 శాతం హెచ్4895 దగ్గర కూడా వేగం కుందేలుకి ఎక్కువే. సాఫ్ట్ పాయింట్ (తగలగానే ముక్కు విచ్చుకునే బుల్లెట్) పెడితే మళ్లీ మాంసం పాడవుతుంది. చప్పుడూ తగ్గాలి, మాంసమూ మిగలాలి అంటే 1,100 నుంచి 1,400 అడుగుల మధ్య పోయే సీసం క్యాస్ట్ బుల్లెట్, అదీ చదును ముక్కుది, తలకే గురిపెట్టాలి. బుల్లెట్ గొట్టం గ్రూవ్ (రైఫ్లింగ్ గాడి) కొలత కంటే 0.001 నుంచి 0.002 అంగుళం లావుండాలి. 0.308 గ్రూవ్‌కి 0.309 లేదా 0.310. సన్నగా ఉంటే పక్కనుంచి వేడి గ్యాస్ దూరి సీసాన్ని కరిగించి గొట్టానికి పట్టిస్తుంది, గుంపు చెదిరిపోతుంది. కేసు మూతిని ఎక్స్‌పాండర్‌తో కొంచెం విప్పండి, లేకపోతే కూర్చోబెట్టేటప్పుడు సీసం చెక్కుకుపోతుంది.

1,100–1,400 అడుగుల వేగానికి జాకెట్ బుల్లెట్ వద్దు. రాగి జాకెట్‌కి ఒరిపిడి ఎక్కువ, గొట్టంలోనే ఆగిపోవచ్చు. 'ఠప్' మని చిన్న చప్పుడొచ్చి తన్ను లేకపోతే రెండో గుండు వేయకండి. బోల్ట్ తీసేసి క్లీనింగ్ రాడ్ గొట్టంలోకి పెట్టి చూడండి. అడ్డం ఉంటే గన్‌స్మిత్ దగ్గరికే. ఇరుక్కున్న బుల్లెట్‌ని ఇంకో గుండుతో నెట్టాలని చూస్తే గొట్టం పగులుతుంది.

శాన్‌హోసే_గుంటూరు:
మా కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి తుపాకీతో ఏ వేటకైనా సీసం లేని గుండ్లే వాడాలి. సీసం క్యాస్ట్ బుల్లెట్ రేంజ్‌కే పరిమితం. కొన్ని రాష్ట్రాల్లో చిన్న జంతువులకు రిమ్‌ఫైర్ (.22 లాంటి, అంచులో ప్రైమర్ ఉండే తూటా) మాత్రమే అనుమతి, లోడ్ ఎంత మెత్తగా ఉన్నా సెంటర్‌ఫైర్ సెంటర్‌ఫైరే. మీ రాష్ట్ర వేట నిబంధనలు ముందు చూసుకోండి.

హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఇంకోటి గమనించండి. ఆ వీసాల మీద తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండటం మినహాయింపుల్లో ఒకటి. లైసెన్స్ గడువు అయిపోతే ఇంట్లో ఉన్న డబ్బా తూటాలు కూడా సమస్యే. సొంతానికి రీలోడ్ చేసుకోవచ్చు, అమ్మాలంటే ఫెడరల్ లైసెన్స్ కావాలి. ఇండియాలో ఉన్నవాళ్లు ఇది చదివి ప్రయత్నించొద్దు. అక్కడ లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం ఆయుధాల చట్టం కింద నేరం, వన్యప్రాణుల వేట వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) కింద నేరం.

గోదారిగట్టు:
స్కోప్ మళ్లీ సెట్ చేసుకోవాలి. ఫుల్ లోడ్‌కి 100 గజాల దగ్గర కుదిర్చిన గురితో మెత్తటి లోడ్ కింద పడుతుంది, తరచూ పక్కకి కూడా జరుగుతుంది. 25 గజాలతో మొదలుపెట్టి 50కి వెళ్లండి. మామూలు సెంటర్‌ఫైర్ స్కోప్‌కి పారలాక్స్ 100 గజాలకు సరిచేసి ఉంటుంది. 25 గజాల్లో కన్ను కాస్త పక్కకి జరిగినా అడ్డగీత లక్ష్యం మీద జరుగుతుంది. ఉడుత తల చాలా చిన్నది, ఆ తేడా చాలు తప్పడానికి. దగ్గర దూరానికి సర్దుకునే స్కోప్ ఉంటే మంచిది.

డల్లాస్_ఓరుగల్లు:
అర్థమైంది. 150 గ్రెయిన్ల జాకెట్ బుల్లెట్, హెచ్4895 27.0 గ్రెయిన్లు, కొత్త కేసులు ఇరవై, గోళ్ల రంగు చుక్కతో. ఈ శనివారం రేంజ్‌లో చూస్తాను.

గోదారిగట్టు:
ఆగండి, 27.0 నేను ఉదాహరణకి చెప్పిన అంకె. హాడ్జ్‌డన్ డేటాలో మీ బుల్లెట్ బరువుకి ఉన్న గరిష్ఠం చూసి, దాన్ని మీరే 0.6తో గుణించండి. వచ్చిన అంకె, తేదీ, బుల్లెట్ పేరు డబ్బా మీద చీటీ రాసి అతికించండి. తూకాన్ని చెక్ వెయిట్‌తో (ఖచ్చితమైన బరువు తెలిసిన తూనికరాయి) సరిచూశాకే మొదటి కేసు నింపండి.