కనెక్షన్లు రెండు వేలు దాటాయి, మెసేజ్ పెడితే పలికేవాళ్లు లేరు

రూటుమారిన_లారీ అడిగింది:

సప్లై చైన్ ప్లానింగ్‌లో ఉన్నాను, డేటా అనలిటిక్స్ వైపు మారాలని ప్రయత్నం. లింక్డ్‌ఇన్‌లో కనెక్షన్లు రెండు వేలు దాటాయి గానీ సగం పేర్లు ఎవరివో గుర్తు లేదు. మెసేజ్ పెడితే చూస్తారు, పలకరు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రిక్వెస్ట్‌తో పాటు నోట్ పెడితే నిజంగా ఉపయోగం ఉంటుందా? పెడితే ఏం రాయాలి? రోజూ పోస్టులు వేయక తప్పదా? ప్రీమియం కొనాలా? రిక్వెస్టులు వాటంతటవే పంపే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయంటున్నారు, వాడొచ్చా? అన్నిటికంటే ముఖ్యం, ఇప్పుడున్న ఆఫీసులో ఎవరికీ అనుమానం రాకూడదు.

పాతకాపు:

మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఇక్కడ వరస తప్పితే తర్వాత సర్దుకోలేరు. ప్రొఫైల్‌లో అక్షరం మార్చకముందే సెట్టింగ్స్‌లో ‘విజిబిలిటీ’లోకి వెళ్లి, ప్రొఫైల్ మార్పుల్ని నెట్‌వర్క్‌కు తెలియజేసే ఆప్షన్ ఆపేయండి. ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పే ‘ఓపెన్ టు వర్క్’ గుర్తు పెట్టదలిస్తే ‘రిక్రూటర్స్ ఓన్లీ’ ఎంచుకోండి. ఫొటో చుట్టూ ఆకుపచ్చ వలయం వచ్చేది అందరికీ కనిపించేలా పెట్టినప్పుడే. రిక్రూటర్స్ ఓన్లీలో మీ సొంత కంపెనీ రిక్రూటర్లకు కనపడకుండా లింక్డ్‌ఇన్ జాగ్రత్త పడుతుంది, కానీ పూర్తి హామీ ఇవ్వలేమని వాళ్లే చెప్పుకున్నారు. మీ కంపెనీకి మనుషుల్ని వెతికిపెట్టే బయటి ఏజెన్సీల కంట పడకుండా మాత్రం అడ్డేమీ లేదు. అంత భయం ఉంటే ఆ బటన్ జోలికే పోకండి. హెడ్‌లైన్, అంటే ప్రొఫైల్‌లో పేరు కింద కనపడే లైన్, సరిగ్గా రాసుకుంటే అది లేకపోయినా రిక్రూటర్ల వెతుకులాటలో దొరుకుతారు.

హెడ్‌లైన్‌కు 220 అక్షరాల వరకు చోటుంది. కానీ రిక్వెస్ట్ వెళ్లినప్పుడు, కామెంట్ కింద, సెర్చ్‌లో కనపడేది మొదటి కొన్ని మాటలే. ‘కొత్త అవకాశాల కోసం చూస్తున్నాను’ అని అక్కడ రాయడమంటే ఆఫీసు నోటీసు బోర్డుకు అంటించడమే. పైగా ఆ మాటలతో ఏ రిక్రూటరూ వెతకడు. ‘డిమాండ్ ఫోర్‌కాస్టింగ్, ఇన్వెంటరీ ప్లానింగ్ | ఎస్‌క్యూఎల్, పైథాన్, పవర్ బీఐ’ లాంటిది రాస్తే ఇప్పటి ఉద్యోగానికీ నిజమే, రేపటి ఉద్యోగానికీ పనికొస్తుంది. ‘అబౌట్’లో 2,600 అక్షరాలు పడతాయి, అందులోనూ పైకి కనపడేవి మొదటి రెండు మూడు లైన్లే. వాటిని ‘కష్టపడే తత్వం’ లాంటి మాటలతో నింపకుండా, ఏ సమస్యను ఏ డేటాతో పరిష్కరిస్తారో రాయండి.

ఇప్పుడు ఆ రెండు వేల మంది సంగతి. కొత్త రిక్వెస్టులు కాసేపు ఆపండి. సెట్టింగ్స్‌లో ‘డేటా ప్రైవసీ’ కింద ‘గెట్ ఎ కాపీ ఆఫ్ యువర్ డేటా’ ఉంటుంది. అందులో కనెక్షన్స్ ఒక్కటే టిక్ పెట్టి అడిగితే ఎక్సెల్‌లో తెరుచుకునే సీఎస్‌వీ ఫైల్ వస్తుంది. పేరు, ప్రొఫైల్ లింకు, కంపెనీ, హోదా, కనెక్ట్ అయిన తేదీ ఉంటాయి. ఇమెయిల్ కాలమ్ చాలావరకు ఖాళీ. అవతలివాళ్లు అనుమతిస్తేనే వస్తుంది, ఫైల్ పాడైందనుకోకండి. ఆ వివరణే ఫైల్ మొదట్లో రెండు మూడు లైన్ల నోట్‌గా ఉంటుంది, దాన్ని తీసేస్తే గానీ ఎక్సెల్ ఫిల్టర్ సరిగ్గా పడదు. ఫైల్‌ను నేరుగా డబుల్ క్లిక్ చేయకుండా డేటా ఇంపోర్ట్‌లోంచి, అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 ఎంచుకుని తెరవండి, లేకపోతే ఇంగ్లీషు కాని పేర్లన్నీ గజిబిజి అక్షరాలైపోతాయి.

తర్వాత ఒక కాలమ్ కలిపి మూడు గుర్తులు పెట్టుకోండి: దగ్గరివాళ్లు, కాస్త తెలిసినవాళ్లు, అసలు తెలియనివాళ్లు. మీ శ్రమంతా మధ్య గుంపు మీదే ఉండాలి. పాత కంపెనీలో పక్క టీమ్ మనిషి, ఒక ప్రాజెక్టులో ఎదురుపడ్డ వెండర్, కోర్సులో బ్యాచ్‌మేట్, ఇలాంటివాళ్లు. ఇది నా సొంత లెక్క కాదు. లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మంది మీద ఐదేళ్ల పాటు ‘మీకు తెలిసి ఉండొచ్చు’ సూచనలను మార్చి మార్చి చూసిన అధ్యయనం 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఉద్యోగం మారడానికి బాగా దగ్గరివాళ్ల కంటే ఓ మోస్తరు పరిచయస్తులే ఎక్కువ ఉపయోగపడ్డారని తేలింది. మరీ ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గరికొచ్చేసరికి ఆ లాభం మళ్లీ తగ్గింది. కారణం ఊహించడం కష్టం కాదు. మీ దగ్గరివాళ్లకు తెలిసిన ఖాళీలు మీకూ తెలిసే ఉంటాయి. బొత్తిగా తెలియనివాడు మీ గురించి తన మేనేజర్‌కు ఒక్క మాటా చెప్పలేడు.

చుక్కలెక్క:

పైన చెప్పినదానికి నేను కలిపేది నోట్ గురించి. ఉచిత ఖాతాలో నోట్‌కు 200 అక్షరాలే, అదీ నెలకు కొద్దిమందికే పెట్టనిస్తారు. కాబట్టి అందరికీ కాదు, ముఖ్యమైనవాళ్లకే ఖర్చు పెట్టండి. ఇలా:

‘నమస్కారం. స్టాక్ అంచనాల్లో రిటర్న్స్‌ను విడిగా లెక్కించాలన్న మీ పోస్టు చదివాను. నేనూ ప్లానింగ్‌లోనే ఉన్నాను. మీరు రాసేవి చదువుతూ ఉండాలని రిక్వెస్ట్ పంపుతున్నాను.’

ఇందులో ఏమీ అడగలేదు, గమనించండి. మొదటి నోట్‌లోనే ఉద్యోగం, రెజ్యూమే, రెఫరల్ (వాళ్ల కంపెనీలో సిఫార్సు) అంటే అవతలివాళ్లు ‘ఇగ్నోర్’ కొట్టేస్తారు. ఆ తర్వాత ‘ఈ మనిషి నాకు తెలియదు’ అని కూడా నొక్కే వీలుంటుంది. అలా నొక్కినవాళ్లు ఎక్కువైతే, ఎవరికి రిక్వెస్ట్ పంపాలన్నా వాళ్ల ఇమెయిల్ ఇవ్వమనే ఆంక్ష మీ ఖాతా మీద పడుతుంది.

ఫోన్ యాప్‌లో ఒక చిక్కుంది. సూచనల పేజీలో కనపడే ‘కనెక్ట్’ నొక్కితే నోట్ అడగకుండానే రిక్వెస్ట్ వెళ్లిపోతుంది. నోట్ పెట్టాలంటే ఆ మనిషి ప్రొఫైల్ తెరిచి, అక్కడి మూడు చుక్కల మెనూలోంచి పంపాలి. ఫోన్ కాంటాక్టులు సింక్ చేయమని యాప్ అడిగినప్పుడు ‘వద్దు’ అనండి. లేకపోతే ఎప్పుడో సరుకు తెప్పించుకున్న నంబరుకు కూడా ఆహ్వానం పంపే పరిస్థితి వస్తుంది.

వారానికి పంపగల రిక్వెస్టులు సుమారు వంద దగ్గర ఆగిపోతాయి. ఖాతాను బట్టి అటూ ఇటూ అవుతుంది. పంపినవి ఆరు నెలల్లో ఎవరూ ఒప్పుకోకపోతే వాటంతటవే పోతాయి. మీరే విత్‌డ్రా చేస్తే అదే మనిషికి మళ్లీ పంపడానికి మూడు వారాల దాకా ఆగాలి. అందుకని నోట్ బాగోలేదనిపించి వెనక్కి తీసుకుని వెంటనే మరొకటి పంపుదామంటే కుదరదు.

ఎక్స్‌టెన్షన్ల మాట: వద్దు. లింక్డ్‌ఇన్ వినియోగ ఒప్పందంలోనే నిషేధం ఉంది. ఒక్కరోజులో ఒకే వేగంతో పదుల ప్రొఫైళ్లు తెరుచుకుంటే పట్టేస్తారు, ఖాతా స్తంభిస్తుంది. పైగా అలాంటి చాలా ఎక్స్‌టెన్షన్లు మీ లాగిన్ సెషన్‌ను వాడుకుని పనిచేస్తాయి. అంటే మీ ఇన్‌బాక్స్ తాళం చేతికిచ్చినట్టే.

రిక్వెస్ట్ ఒప్పుకున్నాక అసలు పని మొదలు. మీకు జవాబులు రాకపోవడానికి కారణం చాలావరకు ఇక్కడే ఉంటుంది. ‘హాయ్ సర్’ అని ఆగిపోయే మెసేజ్‌కు ఎవరూ పలకరు. ‘మీతో 15 నిమిషాలు మాట్లాడొచ్చా’ అన్నా కష్టమే, వాళ్లు క్యాలెండర్ చూసుకోవాలి. ఫోన్‌లో ఒక్క లైన్‌తో జవాబు చెప్పగల ప్రశ్న అడగండి. ఉదాహరణకు: ‘ప్లానింగ్ నుంచి అనలిటిక్స్‌కు వచ్చేవాళ్లలో మీ టీమ్ ముందు చూసేది ఎస్‌క్యూఎల్ నైపుణ్యమా, డొమైన్ అనుభవమా?’ జవాబు వస్తే దాన్ని పాటించి, ఏం చేశారో కొన్ని వారాల తర్వాత రెండు లైన్లలో చెప్పండి. ఈ రెండో మెసేజ్ దాదాపు ఎవరూ పంపరు, అందుకే అది గుర్తుండిపోతుంది. జవాబు రాకపోతే వారం పది రోజులకు ఒక్కసారి గుర్తు చేసి వదిలేయండి.

గోడమీదిపిల్లి:

నోట్ విషయంలో చుక్కలెక్క గారితో నాకు సగమే ఏకీభావం. ముందే నాలుగు కామెంట్లలో ఎదురుపడినవాళ్లకు నోట్ అక్కర్లేదు, పేరు చూసి గుర్తుపడతారు. నోట్ పనంతా కామెంట్లే చేసిపెడతాయి, అవి ఉచితం, నెలవారీ పరిమితి గొడవ లేదు. మొదట కనెక్ట్ కాకుండా ‘ఫాలో’ కొట్టి, ప్రొఫైల్‌లోని గంట గుర్తు నొక్కితే వాళ్ల పోస్టులు పడగానే తెలుస్తుంది. మీ రంగంలో పదిహేను ఇరవై మందిని ఇలా ఎంచుకుంటే చాలు.

కామెంట్ అంటే ‘చాలా బాగా చెప్పారు’ కాదు. పోస్టులో వదిలేసిన ఒక సందర్భం, ఒక లెక్క, లేదా మర్యాదగా ఒక అభ్యంతరం. ‘ఈ పద్ధతి కొత్త ఉత్పత్తులకు నిలవదు, వాటికి పాత అమ్మకాల చరిత్రే ఉండదు కదా, అప్పుడు దగ్గరి ఉత్పత్తి డేటాను వాడతారా?’ అని రాస్తే పోస్టు రాసినవాళ్లే కాదు, అక్కడ చదివేవాళ్లు కూడా మీ ప్రొఫైల్ తెరుస్తారు. ఏఐతో రాయించిన కామెంట్లు చూడగానే తెలిసిపోతాయి, పోస్టునే తిప్పి చెబుతాయి. వాటి వల్ల పేరు చెడడం తప్ప ఒరిగేదేమీ లేదు.

రోజూ పోస్టులు అక్కర్లేదు. వేసే కొద్దిపాటి పోస్టుల్లో మీ పని కనపడాలి: ఒక పబ్లిక్ డేటాసెట్ తీసుకుని ఒక ప్రశ్న, ఒక చార్టు, ఏం తేలిందో. 3,000 అక్షరాల వరకు రాయొచ్చు గానీ ‘సీ మోర్’ పైన ఉండేది రెండు మూడు లైన్లే, ఫలితం అక్కడే చెప్పేయండి. ఆఫీసు డేటా మాత్రం, పేర్లు తీసేసినా సరే, వాడకండి. ఏ అల్గారిథమ్ ఏ టైముకు పోస్టు చేస్తే మెచ్చుకుంటుందన్న చర్చల్లో దూరడం శుద్ధ దండగ.

ప్రీమియం: ఉద్యోగార్థుల ప్లాన్‌లో నెలకు 5 ఇన్‌మెయిల్స్ (కనెక్ట్ కానివాళ్లకు పంపే మెసేజ్‌లు) వస్తాయి, 90 రోజుల్లో జవాబొస్తే ఆ క్రెడిట్ తిరిగొస్తుంది. మెసేజ్ రాయడం రాకపోతే ఇన్‌మెయిల్ కూడా మామూలు మెసేజ్‌లాగే మిగిలిపోతుంది. ఉచితంగా ఉన్నవి ముందు వాడుకోండి. మీరు చదివిన కాలేజీ పేజీలో ‘అలమ్నై’ ట్యాబ్ తెరిస్తే ఎక్కడ పనిచేస్తున్నారు, ఏ పని, ఏ నైపుణ్యం అనే వడపోతలు ఉంటాయి. ఒకే గ్రూపులో ఉన్నవాళ్లకు కనెక్ట్ కాకుండానే మెసేజ్ పంపొచ్చు. మామూలు సెర్చ్‌లో పదబంధాన్ని కోట్స్‌లో పెట్టి, మధ్యలో ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ‘ఆర్’ (OR), ‘నాట్’ (NOT) వాడితే చెత్త తగ్గుతుంది. చిన్నక్షరాల్లో రాస్తే పనిచేయవు. మరీ ఎక్కువ వెతికితే ఉచిత ఖాతాకు ఆ నెల సెర్చ్ పరిమితి పడుతుంది, తర్వాతి నెల 1న తొలగుతుంది.

కామిట్‌చేసి_కాఫీ:

లింక్డ్‌ఇన్ బయట కూడా చూడండి. అనలిటిక్స్‌కు గిట్‌హబ్, అంటే రాసిన కోడ్ పెట్టి అందరికీ చూపించే సైట్, మంచి సాక్ష్యం. మీ యూజర్‌నేమ్‌తోనే ఒక పబ్లిక్ రిపాజిటరీ (ప్రాజెక్టు ఫోల్డర్) తెరిచి అందులో రీడ్‌మీ ఫైల్ రాస్తే, అదే మీ ప్రొఫైల్ పేజీలో పైన కనపడుతుంది. ఆరు ప్రాజెక్టుల దాకా పిన్ చేయొచ్చు, కానీ సగం సగం ఆరింటి కంటే పూర్తయిన రెండు మేలు. కమిట్లు (కోడ్‌లో సేవ్ చేసిన మార్పులు) చేసినా ప్రొఫైల్‌లో వాటికి ఆకుపచ్చ గళ్లు రావట్లేదంటే, కంప్యూటర్‌లోని గిట్ సెట్టింగ్‌లో ఉన్న ఇమెయిల్ గిట్‌హబ్ ఖాతాకు కలపకపోయి ఉండొచ్చు, ముందు అది చూడండి.

స్లాక్ అనే గ్రూప్ చాట్ యాప్‌లోని కమ్యూనిటీల్లో చేరితే పలకరింపుల ఛానెల్‌లో ఒకసారి రాసి, తర్వాత ప్రశ్నల ఛానెల్‌లో జవాబులు చెబుతూ ఉండండి. ఉచిత స్లాక్‌లో 90 రోజులు దాటిన మెసేజ్‌లు కనపడవు, కాబట్టి పనికొచ్చే జవాబులూ పరిచయాలూ వెంటనే మీ షీట్‌లోకి ఎక్కించుకోండి.

రూటుమారిన_లారీ:

అందరికీ ధన్యవాదాలండి. ఇంకొక్కటి. మధ్య గుంపులో ఒకరు నేను చూస్తున్న కంపెనీలోనే ఉన్నారు, అక్కడ ఖాళీ కూడా కనపడుతోంది. ముందు అప్లై చేసి తర్వాత వాళ్లకు చెప్పాలా, వాళ్లకు చెప్పి అప్లై చేయాలా? రెఫరల్ అడిగేటప్పుడు ఏమేం పంపాలి?

పాతకాపు:

అప్లై చేయకండి, ముందు అడగండి. చాలా కంపెనీల్లో మీ పేరు, ఇమెయిల్ అప్పటికే సిస్టమ్‌లో ఉంటే రెఫరల్‌గా లెక్కకట్టరు. వాళ్లకు బోనస్ పోతుంది, మీకు ఆ వరసలో చోటు పోతుంది.

ఒకే మెసేజ్‌లో అన్నీ ఉండాలి: జాబ్ ఐడీ, ఆ ఖాళీ లింకు, మీ పేరుతో సేవ్ చేసిన రెజ్యూమే పీడీఎఫ్, మీరు ఏ ఇమెయిల్‌తో అప్లై చేస్తారో అది, ఇంకా వాళ్లు యథాతథంగా ముందుకు పంపగలిగే మూడు లైన్లు. ఆ మూడు లైన్లు మీ గురించి మరో మనిషి చెబుతున్నట్టు రాయండి: ‘నాతో ఫలానా ప్రాజెక్టులో పనిచేశారు, ఫోర్‌కాస్ట్ రిపోర్టులు ఎస్‌క్యూఎల్‌లో తనే కట్టారు, ఈ పోస్టుకు అడిగిన వాటిలో ఇవీ ఇవీ ఉన్నాయి.’ వాళ్లకు నిజంగా తెలియని విషయం అందులో పెట్టకండి, రేపు హెచ్‌ఆర్ ఫోన్ చేస్తే ఇబ్బంది పడేది వాళ్లే. చివర్లో ‘మొహమాటం లేకుండా కుదరదని చెప్పొచ్చు’ అని ఒక మాట. వాళ్లు లింకు పంపితే ఆ లింకులోంచే అప్లై చేయండి, కంపెనీ సైట్‌లోకి విడిగా వెళ్లి కాదు.