లండన్‌లో కుర్రకారు ఫ్యాషన్ షాపుల్లో పుట్టింది, మరి మన ఊళ్ళల్లో టైలర్ దగ్గరా?

సూదిదారం_భీమవరం:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఫ్యాషన్ డిజైన్ మూడో సంవత్సరం చదువుతున్నా, మాది భీమవరం. ఈ సెమిస్టర్‌లో రిటైల్ హిస్టరీ పేపర్ ఉంది, ఒక తరం కుర్రకారు బట్టలేసుకునే తీరుని మార్చేసిన షాపు ఏదో ఒకటి తీసుకుని రాయాలి. క్లాసులో సగం మంది లండనే తీసుకున్నారు, నేనూ అంతే.

మేరీ క్వాంట్ అనే డిజైనర్ 1955లో చెల్సీలో కింగ్స్ రోడ్డు మీద బజార్ అని షాపు తెరిచింది. మొదట బయట కొన్నవి అమ్మింది, తనకి నచ్చేలాంటివి దొరక్కపోయేసరికి తనే కుట్టడం మొదలెట్టింది. హోల్‌సేల్‌లో గుడ్డ ఎలా కొంటారో కూడా అప్పటికి తెలీదంట, హారోడ్స్ అనే పెద్ద షాపుకి వెళ్ళి మనలాగే కౌంటర్ రేటుకి కొనుక్కొచ్చి, కుట్టి, షాపులో పెట్టి, అవి అమ్ముడైన డబ్బుల్తో మళ్ళీ గుడ్డ కొనేది. తర్వాత బీబా అనే షాపు. దాన్ని పెట్టిన బార్బరా హులానికీ అనే ఆవిడ 1964లో డైలీ మిర్రర్ పేపర్ ద్వారా ఒక గులాబీ రంగు గళ్ళ గౌను పోస్టులో అమ్మితే 17,000 ఆర్డర్లు వచ్చాయి, అదే ఏడాది షాపు పెట్టారు. లోపల మసక చీకటి, పెద్ద సౌండుతో పాటలు, బట్టలేమో టోపీలు తగిలించుకునే చెక్క స్టాండ్లకి వేలాడుతూ ఉంటాయి, కొనకపోయినా గంటలు గంటలు అక్కడే ఉండొచ్చు. అంతకుముందు ఆడపిల్లకి పదిహేడేళ్ళు వచ్చాయంటే అమ్మలాగే వేసుకోవడం తప్ప ఇంకో దారి లేదు, ఈ షాపుల వల్లే వయసులో ఉన్నవాళ్ళకి తమదంటూ ఒక బట్ట వచ్చింది అని రాశాను, మేడమ్‌కి కూడా నచ్చింది.

కానీ సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పటి నుంచి మనసు అక్కడే తిరుగుతోంది. మా పెదనాన్న ముప్పయ్యేళ్ళ పైనే టైలరింగ్ చేశారు, చూపు ఆనక మూడేళ్ళ కింద షాపు మూసేశారు. మీ రోజుల్లో కుర్రాళ్ళందరూ ఎగబడే బట్టల షాపు ఏది పెదనాన్నా అనడిగితే, "షాపేంటమ్మా, గుడ్డ ఎక్కడ కొన్నా గుడ్డే కదా, కుర్రాళ్ళు వచ్చేది నా దగ్గరికి" అన్నారు. చాలా మామూలుగా అన్నారు కానీ నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు, ఎందుకంటే నేను చదివిన పుస్తకాల్లో షాపు ఉంది, డిజైనర్ ఉంది, కొనేవాళ్ళున్నారు, మధ్యలో ఈ మనిషి ఎక్కడా లేడు.

1970ల నుంచి 90ల దాకా కాలేజీలో ఉన్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే చెప్పండి, ఏం వేసుకోవాలి అనేది మీరు ఎక్కడ నిర్ణయించుకునేవాళ్ళు? షాపులోనా, టైలర్ దగ్గరా, సినిమా హాల్లోనా?

బెజవాడ_బాబాయ్:

అమ్మా, మీ పెదనాన్న గారు నూటికి నూరు పాళ్ళు నిజం చెప్పారు. నేను 1976లో ఇంటర్, విజయవాడ. మాకు బట్టల షాపు అంటే నాన్నతో వెళ్ళే చోటు, వన్‌టౌన్‌కి వెళ్ళేవాళ్ళం, ఆయన తెలిసిన కొట్లో కూర్చుని ప్యాంటు పీసు షర్టు పీసు చింపించేవారు, అందులో మనకి మాట్లాడే హక్కు లేదు. రంగు కూడా ఆయనదే, మట్టి కనపడని రంగు. ఇంక మనకి మిగిలేది టైలర్ ఒక్కడే. ఆయన దగ్గరికి ఒంటరిగా వెళ్తాం కదా, అక్కడే మన ఇష్టం మొదలవుతుంది.

బెల్‌బాటమ్ రోజులవి. బాటమ్ ఎన్ని ఇంచీలు అనేదాని మీదే మా స్నేహాలు నడిచాయంటే నమ్ము. ఒకడు ఇరవై రెండు పెట్టిస్తే ఇంకోడు ఇరవై నాలుగు, అలా. చిక్కేమిటంటే బెల్‌కి గుడ్డ ఎక్కువ కావాలి, నాన్న కొనిచ్చింది మామూలు ప్యాంటుకి సరిపడా మాత్రమే. మా టైలర్ ఏం చేసేవాడంటే కటింగ్‌లో మిగిలిన ముక్కలు దాచి ఉంచేవాడు, మోకాలి కింద పక్క కుట్టు విప్పి ఆ ముక్కని త్రికోణంలా వేసి కుట్టేవాడు, రంగు కాస్త తేడాగా ఉంటే అదీ ఒక స్టైలే అయిపోయింది, రెండు నెలలకి ఆ వీధిలో కుర్రాళ్ళు కావాలని వేరే రంగు ముక్క వేయించుకున్నారు. ఇది ఎవరు డిజైన్ చేసినట్టు చెప్పు? ఏ షాపు చేసింది?

సినిమా సంగతి అడిగావు. సినిమా చూసొచ్చి కాలర్ అలా ఉండాలి, జేబు మీద ఫ్లాప్ అలా ఉండాలి అని చేతుల్తో చూపించేవాళ్ళం, అందుకని కొందరు టైలర్లు సినిమా మొదటి రోజే చూసేవాళ్ళు, అది వాళ్ళకి పనిలో భాగం. రెడీమేడ్ చొక్కా అంటే మాకు చిన్నపిల్లల బట్ట అనే లెక్క. పెద్దవాడు రెడీమేడ్ వేసుకున్నాడంటే అర్జెంటుగా ఏదో పెళ్ళికి వెళ్ళాల్సొచ్చింది పాపం అనుకునేవాళ్ళం.

తాడితోట_అక్క:

బాబాయి గారు మగపిల్లల సంగతి చెప్పారు, మా సంగతి వేరు, అది కూడా రాయి తల్లీ, ఎందుకంటే ఎవరూ రాయరు.

మాది రాజమండ్రి, నేను డిగ్రీ చేసింది 1988 నుంచి 91. లంగా ఓణీ నుంచి చుడీదార్‌కి మారిన బ్యాచ్ మాది. చుడీదార్ అని మేమన్నాం, ఇంట్లో పెద్దవాళ్ళు పంజాబీ డ్రెస్సు అనేవాళ్ళు, ఆ పేరులోనే అది మనది కాదు అనే అర్థం ఉండేది. తాడితోటలో హోల్‌సేల్ బట్టల మార్కెట్ ఉంది కదా, అక్కడ మా అమ్మ ఓణీల కోసం తీసుకున్న వాయిల్‌తోనే నేను ఫస్ట్ టాప్ కుట్టించుకున్నా. టైలర్ మగాయన, కొలతలు ఇచ్చేటప్పుడు అమ్మ పక్కనే ఉండాలి, లేదంటే పాత జాకెట్టు ఇచ్చి దాని ప్రకారం కుట్టమనాలి. అందుకని మాకు ఆ స్వేచ్ఛ టైలర్ దగ్గర లేదు, మాకు అది మ్యాచింగ్ సెంటర్‌లో దొరికింది. నవ్వకు, నిజంగా చెప్తున్నా. ఒక చీర ముక్క చేతిలో పట్టుకుని నలుగురం ఫ్రెండ్స్ వెళ్ళేవాళ్ళం, గోడ నిండా రంగులు, లేత ఆకుపచ్చలోనే పదిహేను రకాలు, వాటిని వెలుతురులోకి తీసుకొచ్చి చూపించేవాళ్ళు, ఫాల్స్, లేసులు, గుండీలు, అన్నీ అక్కడే. మ్యాచింగ్ కోసం అని చెప్తే ఇంట్లో ఎవరూ ఎందుకూ అనరు. నువ్వు చెప్పిన బీబాలో అమ్మాయిలు గంటలు గంటలు గడిపారు అన్నావు చూడు, అది చదవగానే నాకు కళ్ళ ముందు ఆ మ్యాచింగ్ సెంటరే కనిపించింది.

తర్వాత వీధిలో ఒకావిడ ఇంట్లోనే మిషన్ పెట్టింది, లేడీస్ టైలర్ అని బోర్డు. అప్పట్నుంచి మా నెక్ డిజైన్లు మారిపోయాయి, అమ్మలు పక్కన లేరు మరి. మగపిల్లలకి 76లో దొరికింది మాకు 90లో దొరికింది అనుకో.

సూదిదారం_భీమవరం:

అక్కా ఇది నా పేపర్ మొత్తాన్ని మార్చేసేలా ఉంది. మ్యాచింగ్ సెంటర్‌ని నేను రోజూ దాటి వెళ్తా, సామాన్లు కొనుక్కునే చోటు అనుకున్నా తప్ప ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. బాబాయి గారూ ఆ త్రికోణం ముక్క సంగతి కూడా రాస్తాను, మీ పేరు లేకుండా.

క్రాయ్డన్_కుర్రోడు:

నేను పదకొండేళ్ళుగా లండన్‌లో ఉంటున్నా, ఐటీ, కానీ మా ఆవిడ టెక్స్‌టైల్స్ చదువుకుంది, తనతో కలిసి 2019లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మేరీ క్వాంట్ ఎగ్జిబిషన్ చూశాం. రెండు విషయాలు చెప్తా, నీ మొదటి డ్రాఫ్ట్‌లో షాపుకి కాస్త ఎక్కువ క్రెడిట్ ఇచ్చావేమో అనిపించింది అందుకు.

ఒకటి, బజార్‌లో బట్టలు మామూలు జీతం ఉన్న అమ్మాయి కొనగలిగే రేటులో లేవు. రేటు తగ్గించాలనే 1963లో జింజర్ గ్రూప్ అని ఇంకో లైన్ పెట్టింది. దానికంటే నాకు నచ్చింది 1964 సంగతి, బట్టరిక్ అనే ప్యాటర్న్ కంపెనీకి క్వాంట్ తన డిజైన్లు ఇచ్చింది, అంటే కాగితం ప్యాటర్న్ కొనుక్కుని ఎవరింట్లో వాళ్ళు మిషన్ మీద కుట్టుకోవచ్చు. ఎక్కడో చిన్న ఊళ్ళో ఉన్న అమ్మాయి కింగ్స్ రోడ్డు ఎప్పుడూ చూడకుండానే ఆ గౌను వేసుకుంది. కాబట్టి అక్కడ కూడా కుట్టు లేకుండా కథ లేదు, మన దగ్గర కుట్టిన చెయ్యి టైలర్‌ది, అక్కడ ఆ అమ్మాయిదో వాళ్ళమ్మదో.

రెండు, మినీ స్కర్ట్ కనిపెట్టింది నేను కాదు కింగ్స్ రోడ్డు మీద తిరిగే అమ్మాయిలే అని క్వాంటే చెప్పింది, ఇంకా పొట్టి ఇంకా పొట్టి అని వాళ్ళే అడిగేవాళ్ళట. బాబాయి గారి బాటమ్ ఇంచీల పోటీ చదువుతుంటే అచ్చం అదే. షాపైనా టైలరైనా, కౌంటర్ ఇవతల నుంచి అడిగేవాళ్ళు ఉండాలి.

ఇంకో మాట, ఆ ఎగ్జిబిషన్ కోసం మ్యూజియం వాళ్ళు మీ బీరువాల్లో క్వాంట్ బట్టలుంటే చెప్పండి అని జనాన్ని అడిగారు, వెయ్యి మందికి పైగా స్పందించారు. గౌను పక్కన దాన్ని వేసుకున్నావిడ ఫోటో, మొదటి ఉద్యోగానికి వేసుకున్నా, పెళ్ళికి వేసుకున్నా అని రాసిన మాటలు. మా ఆవిడ అక్కడే చాలాసేపు నిలబడిపోయింది. నువ్వు కూడా భీమవరంలో అలా అడిగి చూడు, బెల్‌బాటమ్ దాచుకున్నవాళ్ళు తప్పకుండా దొరుకుతారు.

కరీంనగర్_కాజా:

మా నాయిన టైలర్, ఇప్పటికీ కుడుతున్నడు, అందుకే ఇది రాయాల్నని అనిపించింది. అందరు పాత ముచ్చట చెప్పిన్రు, అది ఎట్ల ఆగిపోయిందో చెప్త.

1995ల రఫ్ అండ్ టఫ్ అని జీన్స్ వచ్చింది, అర్వింద్ మిల్స్ వాళ్ళది, అక్షయ్ కుమార్ యాడ్. అది రెడీమేడ్ కాదు, కిట్టు. డెనిమ్ గుడ్డ, జిప్పు, జేబుల మూలలకు కొట్టే రివెట్లు, వెనకాల పెట్టే లేబులు అన్నీ ఒక ప్యాకెట్ల ఇస్తరు, ధర 195 రూపాయలు, తీస్కపోయి మన టైలర్ దగ్గర కుట్టిచ్చుకోవాలె. ఆ కంపెనీదే ఫ్లయింగ్ మెషీన్ 1980 నుంచే ఉండె గని గంత ధర పెట్టి మా దిక్కు కుర్రోళ్ళు కొనలేకపోయేది. గా కిట్టు చూసి మా నాయిన ఎంత సంబురపడ్డడో, కంపెనీయే టైలర్‌ను ఇడిచిపెట్టి జీన్స్ అమ్మలేకపోయింది గదా అని. డెనిమ్‌కు మామూలు సూది విరుగుతుండె, లావు సూదులు తెచ్చిండు, రివెట్ కొట్టుడు నేర్చుకున్నడు. నేను ఆరో తరగతి, రివెట్లు నేనే కొడుతుంటి.

గది ఎక్కువ కాలం నడువలె. రెడీమేడ్ ధర తగ్గింది. దీనికి ఒక కారణం మీ పేపర్‌ల పెట్టుర్రి, రెడీమేడ్ బట్టల తయారీని సర్కారు చిన్న పరిశ్రమలకే రిజర్వ్ చేసి ఉంచింది, 2000ల జౌళి విధానం వచ్చినంక అది తీసేసిన్రు. అప్పటిదాక పెద్ద ఫ్యాక్టరీ పెట్టి లక్షల చొక్కాలు ఒక్క తీరు కుట్టి ఇక్కడ అమ్ముడు అంత అల్కగ కాకపోయేది, టైలర్‌కు గదే గొడుగు. 2004ల పంజాగుట్టల హైదరాబాద్ సెంట్రల్ మాల్ తెరిచినప్పుడు నేను డిగ్రీ, దోస్తులతోని పోయి ఏం కొనకుండ మెట్ల మీద గూసొని వచ్చిన. గా రోజు నాకు మంచిగనే అనిపించింది, అబద్ధం చెప్ప. కని ఇంటికి వచ్చినంక మా నాయిన అడిగిండు, షర్టు కాలర్లు ఎట్లున్నయిరా ఇప్పుడు అని. నేను చూడనే లేదు.

ఇప్పుడు ఆయనకు పని ఉన్నది. ఏం పని అంటే ఆల్టరేషన్. జూడియో అనే రెడీమేడ్ షాపుల కొన్న ప్యాంటు తెచ్చి పొడుగు తక్కువ చెయ్యుమంటరు, నడుము టైట్ చెయ్యుమంటరు. ఫిట్టింగ్ మాత్రం ఇప్పటికి టైలర్ దగ్గర్నే.

సూదిదారం_భీమవరం:

అన్నా, రివెట్ల దగ్గర ఆగిపోయా చాలాసేపు. ఆ రిజర్వేషన్ విషయం మా సిలబస్‌లో ఇంకో పేపర్‌లో ఉంది, ఎగుమతుల చాప్టర్‌లో, దాన్ని టైలర్‌తో కలిపి ఎవరూ చెప్పలేదు మాకు.

మీరు జూడియో అన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. దాన్ని నడిపే ట్రెంట్ కంపెనీ 1998లో మొదలైంది బెంగళూరులో ఉన్న లిటిల్‌వుడ్స్ స్టోర్ కొనడంతో, లిటిల్‌వుడ్స్ లివర్‌పూల్ కంపెనీ. ఆ స్టోరే వెస్ట్‌సైడ్ అయింది, 2016లో జూడియో వచ్చింది. ఇప్పటికీ ఆన్‌లైన్‌లో అమ్మరు, షాపుకి వెళ్ళాల్సిందే. మా హాస్టల్ అమ్మాయిలు శనివారం వస్తే అక్కడికే, గంటన్నర తిరిగి ఒక టీషర్టు కొని వస్తారు. ఇన్నాళ్ళూ నేను దాన్ని కాస్త తక్కువగానే చూశా, అక్క చెప్పిన మ్యాచింగ్ సెంటర్ గురించి చదివాక అలా చూడలేకపోతున్నా. కానీ ఒక తేడా మాత్రం నన్ను వదలట్లేదు, బాబాయి గారికీ కరీంనగర్ అన్నకీ కాలర్ ఎలా ఉండాలో చెప్పడానికి అవతల ఒక మనిషి ఉన్నాడు, మాకు ఉన్నవి ఎస్, ఎమ్, ఎల్.

పేపర్ మార్చి రాస్తున్నా, మేడమ్‌ని ఇంకో రెండు వారాలు గడువు అడిగాను. లండన్ భాగం అలాగే ఉంటుంది, బట్టరిక్ ప్యాటర్న్, రఫ్ అండ్ టఫ్ కిట్టు పక్కపక్కన పెడతాను.

మొన్న ఫోన్‌లో పెదనాన్నని అడిగితే పాత ఆర్డర్ పుస్తకాలు అటక మీద ఉన్నాయన్నారు, ఇంటి దగ్గరున్న మా అక్క ఎక్కి దించి కొన్ని పేజీలు ఫోటో తీసి పంపింది. 1987 పుస్తకం. పేరు, పొడవు, నడుము, సీటు, బాటమ్, అడ్వాన్సు, ఇవ్వాల్సిన తేదీ. పేజీకి చిన్న గుడ్డ ముక్క పిన్ను పెట్టి ఉంది, ఏ గుడ్డ ఎవరిదో మర్చిపోకుండా. కొన్ని పేర్ల పక్కన ఎర్ర పెన్నుతో "చిరు మోడల్" అని ఉంది. ఒక పేజీలో ఒకే ఇంటిపేరుతో తండ్రీ కొడుకూ ఇద్దరి కొలతలు ఉన్నాయి, ఒకే గుడ్డ ముక్క, ఒకే రోజు ఇచ్చారు, తండ్రి బాటమ్ పదహారు, కొడుకుది పద్నాలుగు, కొడుకు లైన్ కింద పెదనాన్న చేతిరాత, "నాన్నగారికి చెప్పొద్దన్నాడు".