కాలనీ తోటకి ప్రభుత్వ సాయం: మీకు ఎలా వచ్చింది, ఎక్కడ ఆగింది?

నాగోలు_కాలనీ
అందరికీ నమస్కారం. మా కాలనీలో పార్కుకని వదిలిన స్థలం సుమారు 400 గజాలు ఖాళీగా పడి ఉంది. సర్కారు ముళ్లు, ఇటుక ముక్కలు, పొద్దుగూకితే చెత్త కవర్లు. 22 ఇళ్లవాళ్లం కలిసి అక్కడ ఆకుకూరలు, తీగజాతి కూరగాయలు వేద్దామనుకుంటున్నాం. రిటైరైనవాళ్లు ఐదుగురు రోజూ పొద్దున్నే పని చేస్తామన్నారు. ఫెన్సింగు, మోటారు, మట్టి కలిపి లెక్క వేస్తే లక్షన్నర దాటుతోంది. ఇలాంటి తోటకి సబ్సిడీగానీ గ్రాంటుగానీ తీసుకున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. ఎక్కడికి వెళ్లాలి, ఏ కాగితాలు కావాలి, ఎన్నాళ్లు పట్టింది?

మిద్దెమీద_బచ్చలి
నాది మల్కాజిగిరి అండి. కొన్నేళ్ల కిందట ఉద్యాన శాఖ ఇచ్చిన మిద్దె తోట కిట్ తీసుకున్నాను. యూనిట్ ధర 6 వేలు, సగం సబ్సిడీ. నా వాటా 3 వేలు కట్టాను. కేంద్రం రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద ఇచ్చిన డబ్బు అది. సిల్పాలిన్ బెడ్లు (మందపాటి ప్లాస్టిక్ పట్టాతో చేసిన మడులు), వాటిలో నింపే మట్టి మిశ్రమం, వేపపిండి, వేపనూనె, విత్తనాల ప్యాకెట్లు, చేతి పనిముట్లు వచ్చాయి.

కాగితాలు పెద్ద కష్టం కాలేదు. ఆధార్, ఇంటి పన్ను రసీదు, ఫొటో ఇచ్చాను. కష్టమల్లా ఎదురుచూడటమే. డబ్బు కట్టిన నాలుగు నెలలకి కిట్ వచ్చింది. అప్పటికి ఎండలు ముదిరిపోయాయి. పాలకూర గింజ చల్లితే మొలక పైకి వచ్చింది వచ్చినట్టే మాడిపోయింది. గోంగూర, బచ్చలి మాత్రం నిలబడ్డాయి. అందుకే చెప్తున్నాను, సబ్సిడీ వస్తువు ఏ నెలలో చేతికి వస్తుందో ముందే కనుక్కోండి. జూన్‌లో వచ్చిన బెడ్డుకీ ఏప్రిల్‌లో వచ్చిన బెడ్డుకీ పంటలో చాలా తేడా.

ఇంకొకటి. ఆ కిట్ ఇంటికి ఇచ్చేది, కాలనీకి కాదు. లబ్ధిదారు అంటే ఒక మనిషి పేరు ఉండాలి. మీ 22 మంది పేరున అడిగితే ఏం చెప్తారో కనుక్కోండి. ఎంతమందికి ఇవ్వాలన్న టార్గెట్ ఏటా మారుతుంది కాబట్టి ఆర్థిక సంవత్సరం మొదట్లోనే వెళ్లి అడగడం మేలు.

లేఅవుట్_లెక్క
డబ్బు సంగతి తర్వాత అన్నా. ముందు ఆ స్థలం ఎవరిదో చూడండి. లేఅవుట్‌లో పార్కుకి వదిలిన జాగా మామూలుగా మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ చేసి ఉంటుంది. రాతపూర్వక అనుమతి లేకుండా ఫెన్సింగు వేస్తే రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే పీకేస్తారు. మా దగ్గర అదే జరిగింది. టమాటాలు కాపు మీద ఉండగా జేసీబీ వచ్చింది. ఆ రోజు మా అమ్మ ఆ మొక్కల దగ్గర నిలబడి ఏడ్చింది.

నాగోలు_కాలనీ
చాలా బాధగా ఉంది అన్నా. మా దగ్గర కాగితమేమీ లేదు, కార్పొరేటర్ నోటిమాటగా సరేనన్నారు, అంతే.

పట్నాలో_తెలుగువాడు
బ్యాంకు ఉద్యోగం మీద పట్నాలో మూడేళ్లున్నాను. బీహార్ ప్రభుత్వానికి మిద్దె తోటల పథకం ఉంది, పట్నా, గయ, భాగల్‌పూర్, ముజఫర్‌పూర్ లాంటి పట్టణాల్లో. నేనున్నప్పుడు 300 చదరపు అడుగుల మిద్దెకి యూనిట్ ధర 50 వేలు ఉండేది. మొదట్లో సగం సబ్సిడీ ఇచ్చేవాళ్లు, తర్వాత 75 శాతం చేశారు. అంటే అప్పుడు ఇంటివాళ్ల వాటా 12,500 అయ్యేది. దరఖాస్తు ఆన్‌లైన్లోనే. మన వాటా ముందు జమ చేస్తే ఏజెన్సీవాళ్లు వచ్చి బెడ్లు, డ్రిప్పు అన్నీ బిగిస్తారు.

మా ఇంటి ఓనర్ పెట్టించుకున్నారు. డ్రిప్పు పైపులు బాగా పనికొచ్చాయి, ఎండాకాలం ఊరెళ్లినా మొక్కలు బతికాయి. కానీ మిద్దె ఎంత బరువు మోస్తుందో ఎవరూ చూడలేదు. తడిసిన ఎర్రమట్టి ఒక ఘనపుటడుగు దాదాపు 50 కిలోలు తూగుతుంది. పాత ఇళ్లవాళ్లు కొబ్బరిపొట్టు ఎక్కువ కలిపి, బెడ్లని స్లాబు మధ్యలో కాకుండా బీముల మీదుగా, పిట్టగోడ వారన పెట్టుకోవాలి. సబ్సిడీ వస్తోందని కంగారుపడి బెడ్లన్నీ నడిమధ్యలో పెట్టేయకండి.

టీచరమ్మ_బెజవాడ
మాది ప్రభుత్వ బడి. మధ్యాహ్న భోజనం పథకంలో భాగంగా పాఠశాల పోషక తోటకని మాకు 5 వేలు వచ్చాయి. పిల్లలు వేసిన తోటకూర ఆ మధ్యాహ్నమే పప్పులో పడుతుంది. మేకలు రాకుండా దడి కట్టడానికే ఆ డబ్బు అయిపోయింది, మిగతావి అందరం తలా కొంచెం వేసుకున్నాం. వేసవి సెలవుల్లో నీళ్లు పోసేవాళ్లు లేక రెండేళ్లు వరసగా ఎండిపోయింది. ఇప్పుడు వంట చేసే అక్క సెలవుల్లో కూడా వచ్చి పోస్తోంది. ఆమె పని ఏ పద్దులోకీ రాదు. మీ అంచనాలో నీళ్లు పోసే మనిషి కూలి తప్పకుండా రాయండి.

డెట్రాయిట్_గోంగూర
ఇక్కడి పద్ధతి కాస్త వేరు. 2018 ఫార్మ్ బిల్లుతో (ఇక్కడి వ్యవసాయ చట్టం) అమెరికా వ్యవసాయ శాఖలో పట్టణ సేద్యానికి విడిగా ఒక కార్యాలయం పెట్టారు, 2020లో గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఒకరకం ప్రణాళిక వేసుకోవడానికి, ఇంకోరకం అమలు చేయడానికి. ఒంటరి మనిషికి ఇవ్వరు. లాభాపేక్ష లేని సంస్థ, బడి, స్థానిక ప్రభుత్వం లాంటివే అడగాలి. దానికంటే ముందు ఫెడరల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి.

మా తోటలో అన్ని దేశాలవాళ్లం ఉన్నాం, తెలుగువాళ్లం నాలుగిళ్లు. మొదటిసారి రిజిస్ట్రేషన్లో సంస్థ పేరు బ్యాంకులో ఉన్నట్టు లేక గడువు దాటిపోయింది. రెండోసారి పూర్తిగా పంపాం, రాలేదు. పోటీ గట్టిది. కానీ ఆ దరఖాస్తు కోసమే మట్టి పరీక్ష చేయించాం. పాత ఇల్లు కూలగొట్టిన స్థలం కదా, మట్టిలో సీసం తేలింది. పాత రంగుల్లోంచి వచ్చింది. పరీక్ష లేకపోతే మా పిల్లలకి ఆ నేలలో పండిన ముల్లంగే పెట్టేవాళ్లం. తర్వాత కింద గుడ్డ పరిచి, చెక్క పెట్టెల్లో బయటి మట్టి పోసి వేసుకున్నాం. నాగోలు గారూ, ఇటుక ముక్కలున్నాయన్నారు కదా, మీరు కూడా మట్టి పరీక్ష చేయించండి.

తిరువనంతపురం_రావు
కేరళలో పాతిక గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు), మట్టితో నారుతో సహా 500 రూపాయలకి ఇచ్చారు. అసలు ధర 2 వేలు, మిగతాది సబ్సిడీ. నారు పోసి ఇవ్వడమే అందులో గొప్ప మేలు. గింజ దగ్గరే కదా కొత్తవాళ్లు ఓడిపోయేది.

సొంతచెయ్యి
నా సలహా వేరే. ఆఫీసుల చుట్టూ తిరిగే ఆర్నెల్లలో ఇంటికి 3 వేలు వేసుకుంటే 66 వేలు వస్తాయి. సగం స్థలంలో మొదలుపెట్టండి.

మిద్దెమీద_బచ్చలి
మీరన్నది నిజమే అండి, కానీ ఆ 22 ఇళ్లలో 3 వేలు ఇవ్వలేని ఇల్లు కూడా ఉంటుంది. వాచ్‌మన్ కుటుంబం సంగతేంటి? వాళ్లకీ ఒక మడి దక్కాలంటే ప్రభుత్వ డబ్బు కావాలి. అది మన పన్నే, అడగడం మన హక్కు.

లేఅవుట్_లెక్క
రెండూ చేయండి. అసోసియేషన్‌ని 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించి, ఆ పేరు మీదే పాన్, బ్యాంకు ఖాతా తెరవండి. ఎవరో ఒకరి సొంత ఖాతాలోకి డబ్బు వస్తే తర్వాత యూసీ (డబ్బు దేనికి ఖర్చయిందో చూపే ధ్రువపత్రం) ఇచ్చేటప్పుడు తలనొప్పి.

నాగోలు_కాలనీ
అందరికీ చేతులెత్తి దండం. నిన్న కాలనీలో కూర్చున్నాం. స్థలం అనుమతి కోసం మున్సిపాలిటీకి దరఖాస్తు రాశాం, 22 సంతకాలూ పడ్డాయి, రసీదు తీసుకున్నాం. అనుమతి వచ్చేదాకా ఫెన్సింగు జోలికి వెళ్లం. నాలుగు మూలల నుంచి, మధ్య నుంచి జానెడు లోతు మట్టి తీసి పరీక్షకి ఇచ్చాం. ఈలోగా వాచ్‌మన్ రాములు వాళ్లింటి పక్కన మెట్ల కింద గోంగూర, మెంతి రెండు టబ్బుల్లో చల్లాం. తాగే నీళ్లు శుద్ధి చేసే ఆర్వో మిషను నుంచి వదిలేసే నీళ్లు వీటికి పోయొచ్చా, ఉప్పు పేరుకుంటుందా? ఎవరైనా పోసి చూశారా?